పెద్దకఱ్ఱయుఁ జూపిన మడుగును

శరత్సమయ మాసన్నమగుటయు, వర్షర్తువునఁ గలుషితములైన జలములు నానాఁటికిఁ దేటపడుచుండఁగా, రిక్తోదరములైన మేఘశకలములు పనిలేని చుట్టములవలెఁ దూర్పుకనుమల నొక శిఖరమునుండి వేఱొక శిఖరమునకుఁ దీఱికగాఁ దరలుచుండఁగా, ఉభయతీరములందును ఱెల్లుదుబ్బులు ధవళచామరసహస్రములఁ బూని వీచుచుండఁగా, తేనేఱను కొండయేఱు తన శ్రావణోద్ధతగమనమును విడనాడి శిలాంతరాళములఁ గలకలనినదములతోఁ బ్రవహింపఁజొచ్చెను. ఏటియడుగున గులకరాళ్లు కనఁబడు దినములవి. మత్స్యములకు నాఁకలియు, మత్స్యముల వేఁటాడువారికి మతిభ్రమయు నొక్కమాఱే పుట్టు దినములును నవియే.

అట్టి మతిభ్రమకుఁ జిరకాలముగా లోనైన పుణ్యాత్ముఁడు మేడవరపు సోమరాజు. పూర్వము సంస్థానాధిపతియై, చట్టముచేత సంస్థానము పోయిన పిదప నేనుఁగులును బల్లకీలును బాజాభజంత్రీలును నొక్కటొక్కటిగ నదృశ్యములగుచున్నను గనుబొమ యైనఁ గదలింపని యాతఁడు, తన గాలపుఁగఱ్ఱలమీఁద దుమ్ము పడినచో మాత్రము సహింపఁజాలఁడు. ఏఁబదియేండ్లు దాఁటినవాఁడు, ఆజానుబాహువు, మితభాషి. అయినను గాలముల ప్రసంగము వచ్చెనా, వినువానికిఁ దప్పించుకొను మార్గము లేదు. ఆ ప్రసంగ మారంభము కాఁగానే భార్య చంద్రాయమ్మ తాంబూలము తెచ్చు మిషతో లోనికిఁ బోయి, యది ముగియుదాఁక వెలికి రాకుండుట యా యింట నెల్లరు నెఱిఁగిన ముచ్చట.

ఆయన వేఁట యెఱ్ఱలను గ్రుచ్చి యొడ్డునఁ గునికిపాట్లు పడు వేఁట కాదు. కొక్కెమునకుఁ గోడియీఁకలును బట్టుదారమును జుట్టి, యీఁగను బోలిన బొమ్మ నొకదానిని గట్టి, దానిని మీనము ముందర నిజమైన యీఁగ వ్రాలినట్లు వ్రాల్పవలెను. ఈఁకల బొమ్మకు బరువు లేదు గనుక దానిని దూరమునకుఁ గొనిపోవునది త్రాటి బరువే. ఆ త్రాటిని విసరునది కఱ్ఱ. కావున నీ వేఁటకాండ్రు కఱ్ఱ బరువనునపుడు త్రాసులోఁ దూఁగు బరువును గాక యా కఱ్ఱ విసరఁగల త్రాటి బరువునే చెప్పుదురు. అంకె పెరిగినకొలఁది త్రాడు బరువగును, త్రాడు బరువైనకొలఁది యెదిరింపఁదగిన మీనము పెద్దదగును.

సోమరాజు చెంత నట్టి కఱ్ఱలు మూఁడుండెను. మూఁడును జీల్చిన వెదురుబద్దల నతికి చేసినవి. నాలుగవ బరువుది చిన్నకఱ్ఱ. తోఁటవెనుకటి వాగులోని వ్రేలెఁడు చేఁపలకు. ఆఱవ బరువుది నడిమికఱ్ఱ. తేనేటి దిగువరేవులలోని మూరెఁడు చేఁపలకు. పదవ బరువుది పెద్దకఱ్ఱ. నలుపెక్కిన వెదురు, ఎఱ్ఱపట్టు చుట్టిన పిడి. అది యొక్క గుమ్మిమడుగునకే. కఱ్ఱ నెన్నుకొనఁదలఁచినవాఁడు ముందుగా నీటి నెన్నుకొనవలె నని యాయన సిద్ధాంతము. ఒక కఱ్ఱను వదలుకొనుట యనఁగా నొక నీటిని వదలుకొనుటయే యని దానికి వ్యాఖ్యానము.

గుమ్మిమడుగు తేనేఱు కొండ దిగుటకు ముందు రెండు నల్లబండల నడుమ నాఁగి యూపిరి తీసికొను తావు. సూర్యుఁడు నడినెత్తికి వచ్చినప్పుడు తప్ప దానిలోనికి వెలుఁగు దిగదు. పెద్దపెద్ద పొలుసులతో బంగరుచాయ మీఱు మీనములు దానియందు మనుచుండును. కొండపల్లెవారు వానిని రాచమీనులందురు. ఆ మడుగునకు నొక కట్టుబాటు గలదు. ఎవఁడును దనంతట దానిఁ జేరరాదు. ఒకఁడు చేయి పట్టుకొని తోడ్కొనిపోయి చూపవలెను. చూపించుకొన్నవాఁడు చూపినవానితోడనే కాని యందు గాలము వేయరాదు. చూపినవాఁడు తనంతఁ గఱ్ఱ దించి, యనఁగా వేఁట మానుకొని, దీవించిననే చూపించుకొన్నవాఁ డొంటిగాఁ బోవలెను. అట్లు పట్టిన మీనము తల మాత్రము చూపినవాని యింటికి రావలెను. పల్లెపెద్ద సింగన్న తండ్రి సోమరాజునకు యౌవనమున నా మడుగు చూపెను. సోమరాజు తన జీవితమున దానిని జూపినది యొక్కనికే. వాఁడు చంద్రాయమ్మ తమ్ముఁడు పెద్దిరాజు.

పెద్దిరాజు బక్కపలుచనివాఁడు, మాటకారి, చిఱునవ్వు ముందును దాను వెనుకయు వచ్చువాఁడు. మీసములు మొలవని నాఁడే సోమరాజు వాని వెనుక నిలిచి, వాని చేతిమీఁదఁ దన చేయి యుంచి, త్రాడు విసరుట నేర్పెను. బావయు బావమఱఁదియుఁ గూడిన పిదప నెకసక్కెములకుఁ గొదువ యేమి? నీ గాలమునకుఁ జేఁపలకంటెఁ జెట్లే యెక్కువ పడునోయి యని యాయన యనుటయు, బావగారి చేఁపలు నీటిలోఁ గంటె మాటలలోనే యెక్కువ పెరుగు నని వాఁడనుటయు నిత్యకృత్యములు. అయినను నెన్ని యేండ్లు గడచినను గుమ్మిమడుగునకుఁ బోవునపుడు ముందు బావగారు, వెనుకఁ దాను. అది పెద్దిరాజు మనస్సున ముల్లై యెన్నఁడు నాటుకొనెనో యెవ్వరికిని దెలియదు. వాని చిఱునవ్వు మాత్ర మెప్పటియట్లే యుండెను.

ఆ శరత్తున నొక ప్రాతఃకాలమునఁ బెద్దకఱ్ఱతో మడుగునొద్ద నిలిచిన సోమరాజు గాలమునకు రాచమీను తగిలెను. అది సామాన్యమైనది కాదు. కఱ్ఱ విల్లువలె వంగెను, త్రాడు చుట్టిన చక్రము రొదచేయుచు గిఱ్ఱునఁ దిరిగెను, పాచిబండమీఁదఁ గాలు జాఱి యాయన కంఠదఘ్నమైన జలమునఁ బడెను. పడియుఁ గఱ్ఱ విడువఁడయ్యె. పెద్దిరాజును సింగన్నయు నీడ్చి యొడ్డునఁ జేర్చునప్పటికి మీనము పోయెను, కుడిభుజము కీలు దప్పెను. భుజమునకుఁ గట్టుకట్టించుకొని మంచముపైఁ బరుండియు నాయన నవ్వుచు, ఆ మీనము తోఁక యెంత వెడల్పో చేతితోఁ జూపఁబోయి నొప్పిచే మూల్గుచుండెను. చంద్రాయమ్మ నవ్వలేదు. తడిసి నీరోడుచున్న భర్తను నలుగురు మోసికొని వచ్చి ద్వారబంధమున నిలిచిన దృశ్యము నామె మఱవఁజాలకుండెను. భయమును మగనితోఁ జెప్పినచో నవ్వి త్రోసివేయునని యెంచి, తమ్మునితోఁ జెప్పుకొనెను.

మఱుసటి వర్షర్తువున నొక ముసురుదినమున సోమరాజు చాపమీఁద మూఁడు కఱ్ఱలను బఱచి నూనెగుడ్డతోఁ దుడుచుచుండఁగాఁ బెద్దిరాజు వచ్చి కూర్చుండెను. భుజ మెట్లున్నదని యడిగెను. వాన పడినప్పుడు సలుపుచున్న దని యాయన చెప్పెను. వాఁడంతట మెల్లమెల్లగా, ఒక వేఁటకాని కెన్ని కఱ్ఱలు చాలు నను చర్చకు దిగెను. వాగునకుఁ జిన్నకఱ్ఱ యుండి తీఱవలెను, దానికిఁ దిరుగులేదు. నడిమికఱ్ఱ తేనేటికి. ఇఁక మూఁడవది యెందుకు? బరువైన త్రాటిని దినమెల్ల విసరినచో యౌవనవంతుల భుజములే పీఁకును గదా. నడిమికఱ్ఱకే కొంచెము గట్టిత్రాడు గట్టి, చక్రమునఁ జుట్లు పెంచినచో గుమ్మిమడుగును దానితోనే యేలవచ్చును గదా. ఇట్లు తర్కశాస్త్రము చదివినవానివలె నొక్కొక్క మెట్టును గట్టుచుఁ బోయెను.

సోమరాజు పెద్దకఱ్ఱ పిడిని నిమురుచు, గుమ్మిమడుగుకి ఆరవ బరువు ఆగుతుందా అని సందేహించెను.

“బలంతో పట్టేవాళ్ళకి పెద్దకర్ర అండి బావగారూ. చేతిలో విద్య ఉన్నవాళ్ళకి నడిమికర్ర చాలు. తమ చేతి సంగతి నేను చెప్పాలా?” అని పెద్దిరాజు.

పొగడ్త చెవి సోఁకఁగానే వివేకము కొంచెము ప్రక్కకు జరిగి చోటిచ్చుట మనుజస్వభావము. తన సిద్ధాంతమును దానే మఱచి సోమరాజు నడిమికఱ్ఱను జేతఁ బట్టి యొకమాఱు గాలిలో నాడించెను. ఆ దినమునఁ జంద్రాయమ్మ లోనికిఁ బోలేదు. తమలపాకుల యీనెలు దీయుచు నచ్చటనే కూర్చుండి, తమ్ముఁడు చెప్పినది బాగుగనే యున్నదని మెల్లగా ననెను. ఇన్నేండ్లకు భార్య గాలముల ప్రసంగమునఁ బాలుగొన్నదని సోమరాజున కెంత సంతోషము కలిగెనో చెప్పనలవి కాదు. పెద్దకఱ్ఱను నీలగిరులలోని వేఁటకాండ్ర సమాజమందిరమునకుఁ బంపి, బావగారి పేరు చెక్కించి గోడకుఁ దగిలింపించెద నని పెద్దిరాజు పలికెను. ఆయన యా కఱ్ఱను గుడ్డసంచిలోఁ జొనిపి, ముడివేసి, యొక బిడ్డను సాగనంపునట్లు వాని చేతిలోఁ బెట్టెను.

మఱల శరత్తు వచ్చెను, నీరు తేరెను. సోమరాజు నడిమికఱ్ఱతో గుమ్మిమడుగునకుఁ బోయెను. ఏదో పని తగిలినదని పెద్దిరాజు రాలేదు. సింగన్నయుఁ బల్లెవారు కొందఱును బండలపైఁ గూర్చుండి చూచుచుండిరి. ఈఁగబొమ్మ నీటిపై దూదికంటె మెత్తగా వ్రాలెను, క్రిందినుండి బంగరువెలుఁగొకటి లేచెను, త్రాడు బిగిసెను. అనుభవజ్ఞుఁడు చేయవలసిన దంతయు నాయన చేసెను. పోనీయవలసినప్పుడు పోనిచ్చెను, నిలుపవలసినప్పుడు నిలిపెను. అయినను మీనము లోనిబండక్రిందికిఁ దిరిగిన క్షణమున నడిమికఱ్ఱ నడిమికి ఫెళ్ళున విఱిగెను. త్రాడు తెగిపోయెను. సింగన్న మర్యాదకై తల ప్రక్కకుఁ ద్రిప్పుకొనెను. సోమరాజు మిగిలిన తుండును జేతఁ బట్టుకొని చాలసేపు నీటిని జూచుచు నిలిచెను.

విఱిగినది కఱ్ఱ యని యాయనకుఁ దోఁచలేదు. విద్య యున్న చేతికి నడిమికఱ్ఱ చాలునను మాటను నమ్మినవాఁడగుటచేత, కఱ్ఱ విఱుగుటకుఁ జేతియందు విద్య నశించుటయే కారణమని నిశ్చయించుకొనెను. పెద్దిరాజు పరామర్శకు వచ్చినప్పుడు, నా చెయ్యి చెడిపోయిందోయి అని చెప్పెను. వాఁడు తల వంచుకొని, వయసు కదండి బావగారూ యని మాత్రమే పలికెను. అది మొదలు సోమరాజు కొండవైపు పోవుట మానెను. సాయంకాలముల వాగునొద్దఁ జిన్నకఱ్ఱతో వ్రేలెఁడు చేఁపలను బట్టి విడుచుచు, ఎవరేని వచ్చి పలుకరించినచో నించుక సిగ్గుపడుచుండెను. భోజనముకడ మునుపటి ప్రసంగములు లేవు. చంద్రాయమ్మ తాంబూలపుఁ బళ్ళెము తెచ్చుటకు లోనికిఁ బోవలసిన యవసరమే లేకపోయెను. అది తనకు లాభమో నష్టమో యామెకుఁ దెలియకుండెను.

హేమంతము ప్రవేశించెను. మంచు విచ్చి, ముంగిట నీరెండ పఱచుకొన్న యొక మధ్యాహ్నమున సింగన్న యిరువురు మనుష్యులతోఁ గూడ వచ్చి, యడ్డాకులఁ జుట్టి నారఁ గట్టిన మూటనొకదానిని వసారాలో సోమరాజు పాదములకడ దింపెను. ఆకులు తొలఁగింపఁగా రాచమీను తల. ఆబోతు ముట్టెయంత వెడల్పు నోరు, రాగిచాయ చెక్కిళ్ళు, వెలుఁగాఱని పెనుగన్నులు. సోమరాజు ఱెప్పవేయక చూచెను.

“మీ భాగం తెచ్చినాం దొరా. నిన్న పొద్దుట మీ బావమరిది దొర కొట్టినారు. తలకాయ నేనే పట్టికెళ్ళి ఇస్తానన్నారు గానీ, మోసుకొచ్చి ఇవ్వడం మా వంతు కదా” అని సింగన్న ప్రసన్నముఖుఁడై పలికెను.

ఏ కఱ్ఱతోఁ బట్టె నని సోమరా జడిగెను. నల్లకఱ్ఱ, ఎఱ్ఱపట్టు చుట్టిన పిడి, దొరగారిదే యని సింగన్న చెప్పెను. దొరగారు చేయి చెడి కఱ్ఱ దించినారనియు, దీవించి తన చేతి కిచ్చినారనియుఁ బెద్దిరాజు చెప్పుటచేతనే తాము వానిని మడుగుకడ నిలువనిచ్చితి మనియు, ఈ కార్తికము నుండి వాఁడు పలుమాఱులు వచ్చుచున్నాఁ డనియు, వేఱొక యూహ లేక యంతయు వివరించెను. చెప్పుచుఁ జెప్పుచు దొరగారి ముఖము చూచి నడుమ నాఁపెను.

“నేను దించలేదు, సింగన్నా. ఇవ్వలేదు” అని సోమరాజు చెప్పెను.

సింగన్న ముఖము నల్లవడెను. అతఁడు క్రిందఁ గూర్చుండి, కట్టుబాటు తనకంటెఁ బెద్దదనియు, తాను మార్చఁగలిగినది కాదనియు మొదలిడి, మెల్లగా దాని శేషమును దెలిపెను. తల యింటికి వచ్చెను గనుక నిఁక మాట చూపినవానిది. పొద్దు గ్రుంకులోపల నా తలను వండించుకొని భుజించినచో జరిగినదెల్ల నాయన సమ్మతితో జరిగినట్లే. మడుగు మునుపటివలె నిరువురకు నుండును. భుజింపక నీటికి మరల నిచ్చినచోఁ జూపుట యన్నదియే చెఱిగిపోవును. మడు గాతనికిని లేదు, ఈయనకును లేదు, బ్రదికినన్నాళ్ళు వారిలో నెవ్వఁడును దాని దరిఁ జేరరాదు. మూఁడవ త్రోవ లేదు. ఇట్లు చెప్పి సింగన్న యుత్తరముకై వసారామెట్లపైఁ గూర్చుండెను.

అంతలో జీపు వచ్చి ముంగిట నాఁగెను. తల తనకంటె ముందే బావగారింటికిఁ జేరినదని విని పెద్దిరాజు పరుగునవచ్చెను. ఆ సవ్వడికిఁ జంద్రాయమ్మ వెలుపలికి వచ్చి, యాకులలోని తలను, తమ్ముని ముఖమును, మగని ముఖమును వరుసగాఁ జూచెను. పెద్దిరాజు మాటకారియే యైనను నాఁడు మాటలు వరుస దప్పెను. పరిహాసముగా మొదలుపెట్టెను, అది కుదురలేదు. క్షమింపుమని యర్థించెను, అదియుఁ గుదురలేదు. తుదకుఁ గన్ను లెత్తక,

“అక్కయ్య తియ్యమంటేనే ఆ కర్ర తీశానండి. నా అంతట నేను తీసింది కాదు” అనెను.

బావను వంచించిన నాలుక తన్నుఁ గాపాడుకొనుటకై యక్కను సైతము ముందుకుఁ ద్రోసెను. చంద్రాయమ్మ స్తంభము నానుకొని నిలిచి, దాఁచుట యిఁక వ్యర్థమని గ్రహించి, తొట్రుపాటు లేక మగనివైపుఁ జూచి పలికెను:

“తియ్యమన్నాను. మిమ్మల్ని నీళ్ళోడుతుంటే మోసుకొచ్చిన నాటినుంచి నాకు నిద్ర లేదు. ఎలాగైనా ఆ కర్ర మీ చేతికి దూరం చెయ్యమని తమ్ముణ్ణి అడిగాను. పెట్టెలో పెట్టి తాళం వేశానని చెప్పాడు.”

“నీలగిరికి పంపానని నాతో చెప్పాడు” అని సోమరాజు.

ఇరువురును బెద్దిరాజును జూచిరి. వాఁడు నేలఁ జూచుచుండెను. ఒక్క కఱ్ఱను గూర్చి రెండు గదులలో రెండు మాటలు చెప్పి, రెంటికి నడుమ మూఁడవదిగాఁ దాను నడచిన త్రోవ యా యెండలో స్పష్టముగాఁ గనఁబడెను. అక్క భయమును దన కోరికకు నిచ్చెన చేసికొనినాఁడు. బావ విద్యాగర్వమును దానికి నూఁతగాఁ బెట్టుకొనినాఁడు. శత్రువున కింతటి పని సాధ్యము కాదు. మన చేతిమీఁదఁ జేయి వేయించుకొని విద్య నేర్చినవానికే మన చేయి యెచ్చట బలమైనదో, మన మన స్సెచ్చట మెత్తనిదో తెలియును.

సోమరాజు కోపింపలేదు, కోపించియున్న నా యింట నందఱకును సుఖముగ నుండెడిది. ఆయన కుడిచేతిని జాఁపి, త్రిప్పి, యన్యుని చేయి చూచునట్లు చూచుకొని,

“నడిమికర్ర విరిగిన నాడు నా చెయ్యి చెడిందన్నాను. నువ్వు కాదనలేదు, పెద్దిరాజూ. ఆ ఒక్కటి చెప్పి ఉంటే, కర్ర నువ్వే ఉంచుకున్నా ఊరుకునేవాణ్ణి” అనెను.

పెద్దిరాజు కన్నుల నీరు తిరిగెను. అది నటన కాదని చెప్పుట న్యాయము. మోసము చేసినవానికిఁ గన్నీరు రాదనుట కథలలోని మాట. వాఁడు బావగారి పాదముల కెదురుగాఁ గూర్చుండి, కఱ్ఱ జీపులోనే యున్నదనియు, ఈ క్షణమే తెచ్చి యిచ్చెద ననియు, ఱేపే యిరువురమును బోవుద మనియు, తాను మునుపటివలె వెనుకనే నడతు ననియు, ఆ మడుగున దీనికి రెండింత లున్న మీనమును గన్నులారఁ జూచితి ననియు, నీటి రంగు, బండక్రింది నీడ, ఈఁగబొమ్మ వ్రాలవలసిన తావు సైతము వర్ణించి చెప్పెను. ఆ వర్ణనము వినుచుండఁగా సోమరాజు కన్నులలో నొక వెలుఁగు మెఱసిన మాట నిజము. చేయి చెడలేదు. కఱ్ఱ తిరిగి వచ్చును. మడుగున్నది, మీనమున్నది, శీతకాల మింకను మిగిలియున్నది. ఒక్క కబళము మ్రింగినఁ జాలును.

చంద్రాయమ్మయు నా వెలుఁగును జూచెను. ఏ నీటికి వెఱచి యామె యింత చేసెనో, యా నీటికే మగని నిప్పుడు తన చేతులార సాగనంపవలసి వచ్చినది. ఆమె వంగి తలను రెండుచేతుల నెత్తుకొనెను.

“పొయ్యి వెలిగిస్తాను. తినండి. మీ మడుగు మీకుంటుంది” అని, మరల, “మీరు వెళ్ళండి. నేను భయపడతాను. భయపడితే ఏం, పడనివ్వండి” అనెను.

సోమరాజు భార్యవంకఁ జూచిన చూపులోఁ గాఠిన్యము లేదు. ఆ లేమియే యామెకు దుర్భరమయ్యెను.

“నీకు భయం వేస్తోందని నాతో ఒక్కమాట అని ఉంటే, చంద్రా, ఆ కర్ర నేనే దించేవాణ్ణి” అని, యామె చేతులనుండి తలను దీసికొని, “ఇది తింటే నేను ఇచ్చినట్టవుతుంది. నేను ఇవ్వలేదు” అని మెట్లు దిగెను.

సింగన్న లేచి ముందు నడచెను. పెద్దిరాజు జీపెక్కుఁడని ప్రార్థించెను గాని యాయన వినిపించుకొనలేదు. అడ్డాకుల మూటను ఱొమ్మున నదుముకొని, మంచుతడి యాఱని కొండదారిని, సలుపుచున్న భుజముతోడనే నడచి, పొద్దు పడమటికొండ నంటు వేళకు గుమ్మిమడుగు చేరెను. పెద్దిరాజును దూరముగాఁ బెద్దకఱ్ఱను బట్టుకొని వెంటవచ్చెను. ఎందులకుఁ దెచ్చెనో వానికే తెలియదు. మడుగునీరు నల్లగా నిశ్చలముగా నుండెను. సోమరాజు మోకాటిలోఁతున దిగి, యాకులు విప్పి, తలను నీటిలో నుంచి, చేయి వెంటనే తీయక కొంతసేపు పట్టుకొనియుండి, విడిచెను. అది తూలుచు, తెల్లనై, పిదప నీలమై, పిదపఁ గనఁబడకపోయెను.

“మడుగు మూసినాం. ఎనక్కి తిరిగి చూడకండి” అని సింగన్న కట్టుమాట చెప్పెను.

ఒడ్డున నిలిచిన పెద్దిరాజు కఱ్ఱను రెండుచేతులఁ జాఁచి, దీనినైన దీసికొమ్మని వేఁడెను. సోమరాజు దాని పిడినిఁ దాఁకక, నీవే యుంచుకొమ్మని చెప్పి నడచిపోయెను. ఆ దానములోని శిక్ష పెద్దిరాజునకుఁ గొంతసేపటికిఁ గాని యర్థము కాలేదు. పదవ బరువు కఱ్ఱ యది. ఆ ప్రాంతమున దానికిఁ దగిన నీరు మఱియొకటి లేదు. కోరి సంపాదించినవాని చేతిలో నదియే యిఁక గోడకుఁ దగిలింపవలసిన వస్తువయ్యెను.

ఒకరిమేలు గోరి యాతని కెఱుక లేకుండ నాతనికేది తగునో నిర్ణయించువారు ప్రేమచేతనే యట్లు చేయుదురు గాక. ఆ నిర్ణయము చీఁకటిలో జరిగినందున దానిలోనికి ద్రోహము దారి చూచుకొని వచ్చి కూర్చుండును. చంద్రాయమ్మ వెలిగింపని పొయ్యి ముందర నా సంధ్యవేళఁ గూర్చుండి గ్రహించిన దిదియే. ఆమె కోరినట్లే మగఁ డిఁక నా నీటికిఁ బోఁడు. కోరిక తీఱిన యా దినమున నామె యేడ్చినంతగా నెన్నఁడు నేడ్వలేదు.

కొండదారి మలుపునకుఁ బదిబారల దూరమున, వెనుక మడుగులో నొక పెనుమీనము లేచి పడిన చప్పుడు, బండలు ప్రతిధ్వనించునట్లు వినవచ్చెను. పెద్దిరాజు గిఱుక్కునఁ దిరిగి చూచెను. సోమరాజు తిరుగలేదు, ఆఁగలేదు, నడక వేగమైన మార్పలేదు. ఆయన కుడిచేయి మాత్రము ప్రక్కన వ్రేలాడుచు, లేని కఱ్ఱ పిడిమీఁదఁ దనంత బిగిసెను. ఇల్లు చేరువఱకు నది వీడలేదు.